హైదరాబాదు రాజ్యమున మూకీ నవ్వులు

1922వ సంవత్సరమున హైదరాబాదు నగరములో ‘లేడీ టీచర్’ అను నొక హాస్యచిత్రము తయారైనది. తెలుగున చెప్పవలెనన్న ‘పంతులమ్మ’. అది మాటలు లేని చిత్రము. ఆ దినములలో జనులు దానిని బయస్కోపు అనుచుండిరి. తరువాత మాటలాడు చిత్రములు వచ్చి వానికి టాకీలను పేరు రాగా, వెనుకటివానికి మూకీలను పేరు స్థిరపడినది. ‘లేడీ టీచర్’ రీళ్ళు నేడు మిగిలి లేవు. పేరు మిగిలినది. తీసినవాని పేరు మిగిలినది. తీసిన రెండేండ్లకు ఆయనకు ఆ రాజ్యమున జరిగిన పరాభవము మిగిలినది. ఆ మిగిలిన కొద్దిపాటిని గూర్చియే నేటి నా ప్రసంగము.

పంచకావ్యములు గురుముఖమున చదువుకొని, ముప్పది యేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పి విరమించినవాడను నేను. నాకు సినిమాలతో నేమి పని యని మీరనుకొనవచ్చును. ఒక సినిమా చరిత్ర గ్రంథమును ఊరక త్రిప్పుచుండగా ఈ పేరు కంటబడినది. కంటబడినంతనే పుట మూసివేయలేకపోయితిని. దానికి కారణము కలదు, దానిని నడుమ చెప్పెదను.

ఆ కాలపు చిన్న హాస్యచిత్రము ఎట్టిదో ముందుగా తెలియవలెను. అందుకొక మచ్చు చూపెదను. 1914 అక్టోబరు నెలలో అమెరికాలోని కీస్టోను అను సంస్థవారు ‘డో అండ్ డైనమైట్’ అను రెండు రీళ్ళ చిత్రమును విడుదల చేసిరి. ‘పిండియు మందుగుండును’ అని దాని పేరునకు అర్థము. చార్లీ చాప్లిన్ దానిని తీసి తానే వేషము కట్టెను. ఒక రొట్టెల దుకాణము. దానిలో ఫలహారము అందించు పరిచారకులు ఇద్దరు. ఒకడు చాప్లిన్, రెండవవాడు చెస్టర్ కాంక్లిన్. రొట్టెలు కాల్చువారు కూలి చాలదని పని మానివేయుదురు. యజమాని ఈ పరిచారకులను పిండి పిసుకుటకు నేలమాళిగలోనికి తోలును. వీరికి ఆ పని రాదు. పిండి ముఖమున, గోడమీద, ఒకరి నెత్తిమీద ఒకరికి పడుచుండును. పనిచేయు పడుచుల వెంట చూపులు తిరుగుచుండును. ఇంతలో యజమాని భార్య ఉడుపుమీద పిండి చేతుల గుర్తులు కనబడును. ఇంక చూడవలెను ఆ యజమాని ఆగ్రహము! ఆ గుర్తులెట్లు పడినవో మనకు తెలియును, ఆయనకు తెలియదు. తుదకు పని మానినవారు ఒక రొట్టెలో మందుగుండు పెట్టి పంపగా పొయ్యి పగిలి, దుకాణము కూలి, పిండిముద్దలోనుండి చాప్లిన్ తల పైకి వచ్చుటతో కథ ముగియును.

ఇంతే. ధర్మోపదేశమేమియు లేదు. ఒక చిత్రమునకు వెయ్యి డాలర్లకు మించి వ్యయము చేయరాదని సంస్థవారి కట్టుబాటు కాగా, దీనికి 1800 డాలర్లు అయినదనియు, మొదటి యేటనే లక్షా ముప్పది వేల డాలర్లకు పైగా వచ్చినదనియు చాప్లిన్ తన ఆత్మకథలో వ్రాసికొనెను.

భరతముని శృంగారమునుండియే హాస్యము పుట్టునని చెప్పెను. శృంగారమును అనుకరింపబోయి తప్పినచో అది హాస్యమగును. నవ్వులో ఆరు తరగతులు కూడ చెప్పెను. పెదవి కదిలీ కదలని స్మితము ఉత్తములకు, కండ్ల నీళ్ళు వచ్చి డొక్కలు పట్టుకొను అతిహసితము అధములకు అని విభాగము. బయస్కోపు డేరాలో కూర్చున్నవారందరును ఆ అధమ తరగతిలోనివారే యని చెప్పవలెను, జాగీర్దారులతో సహా. ఇక అసూయ మన కావ్యములకు క్రొత్త కాదు. నంది తిమ్మన సత్యభామ ఒక్క పారిజాతపు పువ్వు కొరకు ఎంత రగిలినదో మీరెరుగుదురు. కాని అది అంతఃపురపు టీర్ష్య, దానిని తీర్చుటకు కృష్ణుడు స్వర్గముమీదికి పోవలసివచ్చెను. ఈ క్రొత్త చిత్రములలోని ఈర్ష్య కూలివానిది, గుమాస్తాది, దుకాణపు నౌకరుది. ఒకే కప్పు క్రింద స్త్రీపురుషులు జీతమునకు పనిచేయుచోట పుట్టిన ఈర్ష్య. మన ప్రాంతమున అట్టి చోటు లప్పటికింకను అరుదు. ఓరుగల్లున ఆజంజాహి మిల్లు వచ్చినది 1934లో గదా! నాట్లువేయు మడిలో ఆడువారు మగవారు కలిసి పనిచేయుట ఎన్నడునున్నదే. అయినను అక్కడ పక్కనున్నది మేనత్తయో, వదినెయో, చుట్టపుపిల్లయో అయియుండును. ముక్కు మొగము తెలియని పడుచు బల్లకు ఆ ప్రక్క కూర్చుండి ఉద్యోగము చేయుట వేరు సంగతి.

మాటలు లేని ఈ బొమ్మలు మనవారి కెట్లు చేరినవి? తిరుచిరాపల్లి రైల్వేకచ్చేరిలో పటములు గీయు స్వామికణ్ణు విన్సెంటు అనునాయన 1905లో ఒక ఫ్రెంచివానివద్ద యంత్రమును కొని, డేరా వేసికొని దక్షిణదేశమంతయు తిరిగెను. తెలుగువారిలో మచిలీపట్టణమునందు 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు చెన్నపట్టణమున ఛాయాచిత్రములు తీయు దుకాణము నడపుచు, 1910లో ఆ దుకాణమును తాకట్టు పెట్టి బొమ్మతోపాటు ధ్వనిని కూడ వినిపించు యంత్రమును తెప్పించిరి. దానితో తెలుగుసీమయే గాక సింహళమునకు, బర్మాకు కూడ పోయి చిత్రములు చూపిరి. వారి కుమారుడు ప్రకాశు విదేశములకు పోయి ఆ విద్య నేర్చి వచ్చి, 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ తీసెను. చెన్నపురి తెలుగువారు పురాణముతో మొదలుపెట్టిరి. హైదరాబాదున మొదలైనది హాస్యముతో. ఈ భేదము నాకు రుచించినది.

ఆ కాలపు రీలు వెయ్యి అడుగుల పొడవుండెడిది. చేతితో త్రిప్పు యంత్రముమీద అది పావుగంట నడచును. చేతివాటము మారిన కొలది బొమ్మల నడక మారును. త్రిప్పువానికి ఆకలియైనచో హీరో పరుగెత్తును. తెరమీద మధ్య మధ్య అక్షరపు పలకలు వచ్చును. ఒక్కొక్క పలకమీద రెండు మూడు భాషలలో వాక్యములుండెడివి. చదువరానివారి కొరకు తెరప్రక్కన ఒకడు నిలుచుండి కథ చెప్పుచుండును. క్రింద హార్మోనియము, తబలా. మూకీ అను పేరే గాని, డేరాలో నిశ్శబ్ద మెన్నడును లేదు.

మా తాత పట్వారీ. పొలము తగవు విషయమై వకీలును చూచుటకు హైదరాబాదు పోయినప్పుడొక రాత్రి బయస్కోపు చూచెనట. కథ చెప్పువాడు ఉర్దూలో చెప్పుచుండెను. మా తాతకు కచ్చేరి ఉర్దూ తెలియును గాని సరసపు ఉర్దూ తెలియదు. ‘వాడు నోరు తెరువకముందే నవ్వు వచ్చేదిరా, వాడు చెప్పేసరికి మేము నవ్వి అయిపోయేది’ అని ఆయన చెప్పుచుండెను. ప్రక్కన కూర్చున్న మరాఠీవాడు, వెనుకనున్న అరబ్బు జమాను, ముందున్న తెలుగు పట్వారీ ఒక్కసారే నవ్విరట. చిత్రము పేరు ఆయనకు జ్ఞాపకము లేదు. ఒక లావుపాటి మనిషి పీపాలో పడుట మాత్రము చచ్చువరకు మరువలేదు.

ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. 1921 నవంబరున అదే నగరమున జరిగిన దానితో కలిపి చూచినచో చిన్నది కాదు. వివేకవర్ధని ఆవరణలో సంఘసంస్కార సభ. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఆంగ్లములలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడగా సభలో కొందరు గేలిచేసి, చప్పట్లు చరచి ఆయనను మాటలాడనీయరైరి. రాజ్యములో ఇంచుమించు సగము మంది మాటలాడు భాషను విని నవ్విరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దానినుండి గ్రంథాలయములు, మహాసభలు, ఎంతో చరిత్ర వచ్చినది. మాడపాటి హనుమంతరావుగారు దానినంతయు వ్రాసియున్నారు. హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమున 1904 నుండియే దీపము వెలుగుచుండెనని మన జిల్లావారికి వేరే చెప్పనేల?

అటువంటి నగరమునకు మరుసటి యేడు ఒక వంగదేశస్థుడు మాటలులేని హాస్యమును తెచ్చెను. ఆయన పేరు ధీరేంద్రనాథ గంగూలీ, 1893లో కలకత్తాలో జన్మించెను. శాంతినికేతనమున చదివి, చిత్రకళ నేర్చి, హైదరాబాదునకు వచ్చి నిజాము రాజ్యపు చిత్రకళా పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. అనగా ఆయనయు మావంటి బడిపంతులే. ఆయనకొక వింత సరదా కలదు. తనకు తానే వేషములు వేసికొని, ముసలివాడుగా, ఆడుదిగా, సేటుగా, బిచ్చగాడుగా ఛాయాచిత్రములు తీయించుకొని వాని నొక గ్రంథముగా అచ్చువేసెను. ఆ గ్రంథము చూచి కలకత్తా పోలీసువారు తమవారికి మారువేషములు నేర్పుమని పిలిచిరట! అదే గ్రంథము ఆయనకు సినిమా ద్వారము కూడ తెరచినది. నీతీశ లాహిరి మొదలగువారితో కూడి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీ స్థాపించి, 1921లో ‘బిలాత్ ఫెరత్’, అనగా ‘సీమనుండి తిరిగివచ్చినవాడు’, అను చిత్రమును కలకత్తాలో ప్రదర్శించెను. సీమకు పోయి వచ్చి దొరలకంటె దొరయైన యువకునిపైనను, అతనిని చూచి శివశివా యని చెవులు మూసికొను ఛాందసులపైనను అందులో పరిహాసము. మన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశము పుస్తకరూపమున వచ్చినదియు ఆ మూడు నాలుగేండ్లలోనే. ఒకే గాలి రెండు తీరములను తాకినది కాబోలు.

1922లో గంగూలీ తిరిగి హైదరాబాదు చేరి, నిజాము ప్రభుత్వపు ఆదరణతో లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పెను. సినిమాశాలలు కూడ నడపెను. ఆ సంస్థ పేరట వచ్చినవి ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’, అనగా పెండ్లిమందు, ‘ఇంద్రజిత్తు’, ‘హరగౌరి’, ‘యయాతి’, ‘చింతామణి’ మొదలగునవి. పురాణములును కలవు, కాని పురాణముల ప్రక్కన ‘లేడీ టీచర్’ నిలుచుండుట విశేషము. దాని పేరే ఆ కాలమునకొక సంచలనము. స్త్రీలు ఘోషాలో నున్న నగరమది. సినిమాశాలలలో ఆడువారికి వేరుగా తెరలు కట్టుచుండిరి. తొమ్మిదేండ్ల క్రిందట, 1913లో, ఫాల్కేగారు ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషమునకు ఆడుది దొరకక, ఒక హోటలులో పనిచేయు సాళుంకే అను యువకునికి చీర కట్టిరి. అట్టి కాలమున ‘ఉద్యోగము చేయు ఆడుది’ యను మాటయే ఒక చిత్రమునకు పేరైనది. అందులోను నవ్వుటకు.

ఆ నవ్వులకు ఎవరును అడ్డుచెప్పలేదు. రెండేండ్లు సంస్థ చక్కగానే నడచినది. 1924లో కథ అడ్డము తిరిగినది. ఈసారి అభ్యంతరమునకు గురియైనది లోటస్ వారు తీసినది కాదు, బొంబాయిలో తయారై వారు తెచ్చి ప్రదర్శించినది. దాని పేరు ‘రజియా బేగం’.

రజియా చరిత్ర మీలో పలువురు చదివియుందురు. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ కుమార్తె. 1236లో సింహాసన మెక్కినది. పరదా విడిచి, పురుషవేషమున ఏనుగునెక్కి ప్రజల ముందు తిరిగినది. జమాలుద్దీన్ యాకూత్ అను హబ్షీని, అనగా అబిసీనియావానిని, అశ్వశాలల అధిపతిగా నియమించినది. తరతరములుగా తమ సొత్తనుకొన్న పదవి పరాయివానికి పోయినదని తురుష్క ప్రభువులు ఉడికిపోయిరి. తిరుగుబాటు చేసి యాకూత్‌ను చంపిరి. రజియాను చెరపట్టిరి. ఆమె తన్ను చెరపట్టిన అల్తునియానే పెండ్లాడి మరల పోరాడి, 1240లో ప్రాణము కోలుపోయినది. ఆమె కాలమున నున్న మిన్హాజ్ వ్రాసినది ప్రభువుల కంటగింపును మాత్రమే. తరువాతివారు దానికి వలపు కథను జోడించిరి. వారిలో ఇసామీ అనువాడొకడు. 1350లో, రజియా మరణించిన నూటపదేండ్లకు, మన దక్కనులోనే బహమనీ సుల్తాను నీడన కూర్చుండి తన గ్రంథమును ముగించెను. ఢిల్లీలో జరిగినదానికి దక్కనులో నింద పుట్టుట చూడుడు. నిందకు దూరమొక లెక్క కాదు.

ఇక్కడ ఓరుగల్లువాడనగుటచే ఒక మాట చెప్పక పోలేను. రజియా పోయిన ఇరువది రెండేండ్లకు మన రుద్రమదేవి రాజ్యమునకు వచ్చినది. ఆమెయు పురుషవేషమున కొలువుతీరినదే. శాసనములలో ఆమెను రుద్రదేవ మహారాజనిరి. ఆమెపైని అసూయపడిన సామంతులు లేకపోలేదు. కాయస్థ అంబదేవుని తిరుగుబాటు ప్రసిద్ధము. 1289 నాటి చందుపట్ల శాసనమున ఆమె మరణము ప్రస్తావింపబడినది. అయినను మన కవులుగాని, చరిత్రకారులుగాని ఆమెకు అశ్వశాలాధిపతి నెవ్వనిని అంటగట్టలేదు. మనవారి సంస్కారమని గర్వపడుదునా, లేక వ్రాసినవారు తక్కువ కాబట్టి యని ఊరకుందునా, నిశ్చయింపలేకున్నాను.

సినిమావారు ఇసామీకంటె ఒక అడుగు ముందుకు వేసిరి. ఆ చిత్రములో ముసల్మాను రాణి హిందువును ప్రేమించునట్లు కథ యుండెనని చెప్పుదురు. హైదరాబాదు రాజు ముసల్మాను, ప్రజలలో అధికులు హిందువులు. మీర్ ఉస్మానలీఖాను 1911 నుండి గద్దెమీద నున్నాడు. ఆయనకు చిత్రము సంగతి తెలిసినది. వెంటనే ఫర్మానా. గంగూలీ రాజ్యము విడిచి పోవలెను. ఇరువదినాలుగు గంటలే గడువని ఒక వాడుక కలదు. లోటస్ కంపెనీ అంతటితో ముగిసినది.

బ్రిటిషు ఇండియాలో 1918లో సినిమా చట్టము చేసి, 1920 నాటికి బొంబాయి, మదరాసు, కలకత్తా, రంగూనులలో పరిశీలక సంఘములు పెట్టిరి. అవి ఫలానా తునక తీసివేయుడని చెప్పును, కారణము వ్రాయును. దేశీయ సంస్థానములలో ఆ చట్టము చెల్లదు. ఇక్కడ పరిశీలక సంఘము ఒక్కడే. ఆయన చిత్రమును కత్తిరించలేదు, మనిషిని కత్తిరించెను.

నేను గమనించినది ఇది. ఒకేచోట పనిచేయు స్త్రీపురుషుల నడుమ వలపు, దానిని చూచి ఇతరులకు కడుపుమంట. రొట్టెల దుకాణములో ఈ కథ జరిగినచో లోకమంతయు నవ్వినది. సింహాసనము దగ్గర జరిగినచో, ఏడు వందల యేండ్ల క్రిందటి సింహాసనమైనను, ఎవరికిని నవ్వు రాలేదు. అక్కడ ఒక మనిషి రాజ్యము విడువవలసివచ్చినది.

ఇక నా సంగతి. పంతులమ్మ యను మాటవద్ద నా కన్ను నిలుచుటకు కారణము చెప్పెదనంటిని. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక పల్లెబడిలో నుంటిని. ఉపాధ్యాయులము తొమ్మండుగురము, అందరము మగవారమే. విజ్ఞానశాస్త్రము చెప్పుటకు ఒక పంతులమ్మ వచ్చినది. వారము తిరుగకముందే బడి రూపు మారిపోయినది. రెండవ గంటకు గాని రాని లెక్కల పంతులు ప్రార్థనకు ముందే గేటువద్ద కనబడసాగెను. హిందీ పండితుని తలవెండ్రుకలు ఒక ఆదివారమునాడు నల్లబడినవి. ఆమెకు సుద్దముక్కల పెట్టె అందించు భాగ్యము ఎవరిదన్న తగవు ప్రధానోపాధ్యాయునివరకు పోయినది. నేను వీరందరి నడకలను ఇంటివద్ద అభినయించి చూపుచుంటిని. మా ఇంటిలో పొట్టచెక్కలగునట్లు నవ్వెడివారు. అచ్చమైన మూకీ హాస్యచిత్రమే!

మూడు నెలలకు పైకచ్చేరికి ఒక ఆకాశరామన్న ఉత్తరము పోయినది. ఆమెను, క్రొత్తగా వచ్చిన ఒక యువకోపాధ్యాయుని కలిపి దానిలో వ్రాసిరి. ఆ యువకుడు ఆమెకు ఒక పుస్తకమిచ్చుట తప్ప నే నెరిగినంతలో మరేమియు లేదు. విచారణకు వచ్చిన యధికారి మమ్ము అందరిని ఒక్కొక్కరిని పిలిచి అడిగెను. నేను ‘నాకేమియు తెలియదు’ అంటిని. తెలియదనుట వేరు, లేదనుట వేరు. వ్యాకరణము చదివినవాడను, ఆ భేద మెరుగనా? ఆమెను అరువది మైళ్ళ దూరమునకు బదిలీ చేసిరి. ఆ యువకుడు అక్కడనే యుండెను. ఉత్తరము వ్రాసిన చేతివ్రాత నేను గుర్తించితిననియే నా నమ్మకము. నాడు చెప్పలేదు, నేడు చెప్పి ప్రయోజనము లేదు. ఆ తరువాత ఇంటిలో ఆ అభినయములు చేయుమని పిల్లలడిగినను చేయలేదు.

గంగూలీ కలకత్తా చేరి ఊరకుండలేదు. 1929లో బ్రిటిష్ డొమీనియన్ ఫిల్మ్స్ అను క్రొత్త సంస్థను పెట్టెను. దేవకీ బోసు వంటి గొప్ప దర్శకుడు ఆయన చేతిక్రిందనే మొదట పైకివచ్చెను. టాకీలు వచ్చిన పిమ్మట కూడ హాస్యచిత్రములు తీయుట మానలేదు. 1974లో పద్మభూషణ బిరుదము, 1975 సంవత్సరమునకు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము పొంది, 1978లో మరణించెను. ఆయనను వెడలగొట్టిన రాజ్యము 1948లోనే ముగిసినది. ఇన్నేండ్లు బ్రతికియుండి ఆయన హైదరాబాదును తిట్టినట్లు నే నెచ్చటను చదువలేదు.

మనిషి ఎనుబదియైదేండ్లు బ్రతికెను గాని చిత్రములు బ్రతుకలేదు. భారతదేశమున పదమూడు వందలకు పైగా మూకీ చిత్రములు తయారైనవని లెక్క. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండారము స్థాపించి వెదకగా దొరికినవి, తునకలతో కూడ, ముప్పది కంటె ఎక్కువ లేవు. అవి పోవుటకు కారణములు కలవు. ఆ కాలపు రీలు నైట్రేటు అను పదార్థముతో చేయబడినది. వేడికి తానే అంటుకొనును, అంటుకొన్న నిప్పు నీటికి ఆరదు. అంటుకొననిచో ఏండ్లు గడచిన కొలది జిగటయై, పొడియై పోవును. దానిపై పూతలో వెండి యుండును. టాకీలు వచ్చి మూకీలకు గిరాకి పోగానే పలువురు ఆ వెండి కొరకు రీళ్ళను కరిగించి అమ్ముకొనిరి. నవ్వించిన బొమ్మలు అట్లు తులముల లెక్కన పోయినవి.

కాబట్టి పెద్దలారా, మీకొక విన్నపము. మన తాతలు కచ్చేరి పనులమీద, పెండ్లి బట్టలకు, వైద్యమునకు హైదరాబాదు పోయి వచ్చినవారు. 1886 నుండి ఓరుగల్లునకు రైలున్నది. వారు తెచ్చిన సామానుల అడుగున, పాత దస్తావేజుల నడుమ, ఒక బయస్కోపు టిక్కెట్టు ముక్కయో, రంగుకాగితముమీది ప్రకటనయో, చిత్రము చూచితినని వ్రాసిన యొక ఉత్తరమో ఉండవచ్చును. అది తెలుగునైనను, ఉర్దూలోనైనను, తెలియని లిపిలోనైనను సరే, చెత్తలో వేయక దగ్గరి గ్రంథాలయమున చూపుడు. ‘లేడీ టీచర్’ను తిరిగి చూచు ఆశ నాకు లేదు. ఆ ప్రకటన కాగితమైనను ఒకటి చూడవలెనని యున్నది. ఎవరింటనైన రేకుడబ్బాలో చుట్టిన రీలు కనబడినచో రాత్రివేళ దీపము దగ్గరకు తీసికొనిపోయి చూడవలదు. పిల్లలను దగ్గరకు రానీయక, డబ్బా మూతపెట్టి, నీడపట్టున గాలి తగులు చోట ఉంచి, తెలిసినవారికి కబురు చేయుడు.